నా పేరున్న పసుపు పెట్టె

ఆ ఏడు పడమటి గాలులు ఇంకా దిగకముందు, సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉన్న రోజుల్లో, రాజధాని తరావా నుంచి చేపల ఆఫీసరు మా దీవికి వచ్చాడు. వెంట పన్నెండు ఇంజన్లూ, పన్నెండు పసుపు పెట్టెలూ తెచ్చాడు. మా ఒనోటోవాలో పడవలున్న ఇళ్ళు నలభై పైనే. చీటీలు తీస్తే పన్నెండింటిలో ఒకటి నాకు తగిలింది. అదృష్టవంతుడివి అన్నారు అందరూ. నలభై ఆరేళ్ళకి వచ్చిన ఒక్క అదృష్టం అది. పది రోజులు కూడా నా చేతిలో నిలవలేదు.

ఊరంతా కూడే మనేయాబాలో, ఆ పెద్ద మొగలాకు కప్పు కింద, ఎవరి వాసం కింద వాళ్ళం చాపలు వేసుకుని కూర్చున్నాం. మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక వాసం ఉంటుంది. తండ్రి పోతే కొడుకు ఆ చోట కూర్చుంటాడు. చోటు ఖాళీగా ఉంటే ఆ ఇల్లు ఆరిపోయినట్టు లెక్క.

ఆఫీసరు కుర్రవాడే, కాళ్ళకి బూట్లు. పెట్టె పైకెత్తి చూపించాడు. ఒలిచిన కొబ్బరికాయంత ఉంది.

"ఇదిగో, సముద్రంలో ఆపదొస్తే ఈ మూత విరిచి మీట నొక్కితే చాలు. పైన శాటిలైట్లు వింటాయి. అమెరికావాళ్ళవి, రష్యావాళ్ళవి, ఫ్రాన్సువాళ్ళవి, ఇండియావాళ్ళవి కూడా ఉన్నాయి. కింద ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు గానీ, పైన మీ కేక మాత్రం కలిసే వింటారు."

"మనది ఒక్కటీ లేదా పైన?" అనడిగాడు ఉరియామ్. నా భార్య తెబోరా తమ్ముడు వాడు. ఎక్కడున్నా ముందు నోరు వాడిదే.

"మనది లేదు."

"మరి మనం పైకి పంపేదేంటయ్యా?"

"కేక" అన్నాడు ఆఫీసరు.

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరుకి హుషారొచ్చింది. చిన్నచిన్న దేశాలు కూడా ఇప్పుడు రొట్టె ముక్కంత శాటిలైట్లు తయారుచేసుకుని పెద్ద దేశాల రాకెట్లలో పంపుతున్నాయనీ, ఏదో ఒకనాడు మన కిరిబాస్‌ది కూడా పైకి పోతుందనీ చెప్పాడు.

"అది పోయేలోగా మా నూతిలోకి వచ్చిన ఉప్పు బయటికి పోయే దారి చూడు నాయనా" అన్నాడు ఒక ముసలాయన. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు నవ్వు వచ్చేది.

చివర్లో కాగితం చదివాడు. పెట్టె ఏ పడవకి రాశారో ఆ పడవలోనే ఉండాలి. నొక్కగానే అది ముందు చెప్పేది యజమాని పేరే. ఎక్కడ ఉన్నారో తేలడానికి గంటలు పడుతుంది. అందుకని ఫిజీలో ఉన్న రక్షణ కేంద్రం నుంచి ముందు యజమానికే ఫోన్ చేసి అడుగుతారు. పెట్టెని ఇంకొకరికి ఇచ్చేశారని తెలిస్తే ఇంజను వెనక్కి పట్టుకుపోతారు.

"ఏమయ్యా బరానికో, అర్థమైందా?" అన్నాడు నాతో.

"అయింది" అని సంతకం పెట్టాను. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. నా చేతికి రాసే పని పడేదే సంతకానికి.

పదో రోజు పొద్దున ఉరియామ్ వచ్చి మా మంచె అంచున కూర్చున్నాడు. చేతిలో కల్లు సీసా ఉంది.

"తాగు బావా, ఇప్పుడే దించాను. తేనెలా ఉంది."

"నువ్వు కల్లు తెచ్చావంటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. పోయినసారి సీసాకి నా సైకిలు పోయింది. ముందు సంగతి చెప్పు."

"నీ నాలుకకి ఉప్పు రాసుకుని పుట్టావు బావా. అక్క ఎట్లా వేగుతుందో."

"వేగడం లేదు, మాడిపోయాను" అంది తెబోరా చేప పొలుసు తీస్తూ. అక్కా తమ్ముడూ నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఆగాక వాడు గొంతు తగ్గించాడు. "మా అబ్బాయి తియోన్ ఈ ఏడు సముద్రం మీదికి పోతున్నాడు. నాకు చీటీ రాలేదు. నా పడవలో ఉన్నది పాత ఇంజను, దగ్గితే ఆగిపోతుంది. నీ పసుపు పెట్టె నాకివ్వు. బుబుటి, బావా."

బుబుటి అంటే అడగడమే. కానీ మా దగ్గర ఆ మాట చుట్టం నోట వచ్చాక కాదనడం ఉండదు. చొక్కా అయినా, పడవైనా, ఒళ్ళో బిడ్డయినా ఇచ్చేయాలి. కాదన్నవాడికి తలెత్తుకునే చోటు ఈ దీవిలో దొరకదు. దీవి ఏమన్నా పెద్దదా? అడ్డంగా నడిస్తే ఒక పాట పూర్తికాకముందే అవతలి నీళ్ళు కనపడతాయి. ఇంకో మాట కూడా ఉంది. ఇచ్చాక ఆ వస్తువు ఏమైందని అడగకూడదు. అడిగితే తిరిగి అడిగినట్టే.

నేను తెబోరా వైపు చూశాను. ఆమె చేప వైపు చూసింది.

పెట్టె తెచ్చి ఇచ్చాను. నవ్వుతూ ఇచ్చాను. ముఖం ముడుచుకుని ఇస్తే ఇచ్చినట్టు కాదు మాలో.

ఆ మర్నాడే పడవని సీమపనస చెట్టు కిందికి లాగించి, చెట్టుకి గొలుసేసి కట్టేశాను. "పెట్టె లేకుండా ఈ ఇంటి నుంచి ఎవరూ సముద్రం మీదికి పోరు" అని మా అబ్బాయి తొవాకైకి చెప్పాను. వాడికప్పుడు ఇరవై. అది జాగ్రత్తా, కసా అని ఇప్పుడెవరైనా అడిగితే నేను చెప్పలేను. బావమరిది మీద ఉన్న కోపాన్ని తీసుకెళ్ళి కొడుకు కాళ్ళకి కట్టానేమో.

గాలులు దిగాయి. తరావా నుంచి రావలసిన ఓడ అయిదు వారాలు రాలేదు. బియ్యం అడుగంటింది. గుంటల్లో తవ్విన చేమదుంపలూ, మడుగులో దొరికే వేలెడు చేపలూ తిన్నాం. వాన పడితే నలుగురం ఒకే మంచె మీద ముడుచుకుని కూర్చునేవాళ్ళం. నలుగురంటే నేనూ, తెబోరా, తొవాకై, మా మధ్య నూనె రాసి గోనె కప్పిన ఆ కొత్త ఇంజనూ. దానికి తడి తగలకూడదని దాన్నీ లోపలే పెట్టాను.

"నాన్నా, తూర్పు వైపు పక్షులు నల్లగా కమ్మి ఉన్నాయి. ట్యూనా మందలు" అన్నాడు తొవాకై ఒకరోజు.

"పెట్టె ఉందా?"

"నువ్వే ఇచ్చేశావుగా."

"అయితే పోయేది లేదు."

"తాత పెట్టె పట్టుకుని పోయాడా? చుక్కలు చూసుకుని పోయాడు."

"పోయాడు. వచ్చాడా? నేను బడి మానేసింది ఎందుకనుకున్నావు?"

వాడు ఇంజను మీది గోనె వైపు చూశాడు. "అయితే ఏం చెయ్యమంటావు? ఈ ఇసుక నాకి బతకనా?"

"నాకు. నేనదేగా చేస్తోంది."

తెబోరా మధ్యలోకి వచ్చింది. "ఏమయ్యా, పిల్లాడితో అట్లాగేనా మాట్లాడేది?"

"పిల్లాడా! వీడి వయసుకి నేను ఇద్దరు చెల్లెళ్ళకి పెళ్ళి చేశాను."

"చేశావులే. ఇప్పటికీ ఆ ఇద్దరి పెళ్ళి భోజనాలూ మా చేత కక్కిస్తున్నావు."

ఆ రోజు నుంచి తొవాకై నాతో మాట్లాడటం మానేశాడు. నాకు చెప్పవలసింది వాళ్ళమ్మకి చెప్పేవాడు. నేను మూడడుగుల దూరంలో కూర్చుని వినేవాణ్ణి. అట్లాగే ఒక సాయంత్రం, ఉత్తరపు ఊళ్ళో చర్చి కప్పు నేస్తున్నారనీ, రెండు రోజులు అక్కడే ఉంటాననీ ఆమెకి చెప్పి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చాప కూడా తీసుకోలేదు. అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున పదింటికి ఫోన్ మోగింది. నేను పడవ పక్కన కూర్చుని ఇంజనుకి నూనె రాస్తున్నాను. దాంతో ఇంకేం పనుంది నాకు? ఎప్పుడూ చూడని పొడుగాటి నంబరు. అవతల ఒక ఆడపిల్ల గొంతు, మా భాషే.

"బరానికో గారేనా? ఫిజీ నుంచి చేస్తున్నామండి. మీ పేరు మీదున్న పెట్టె మోగుతోంది. ఎక్కడ నుంచో ఇంకా తెలియలేదు. మీ పడవ సముద్రంలో ఉందా?"

పడవ నా ఎదురుగా ఉంది. దాని నీడలో కోడి పొదుగుతోంది.

"లేదమ్మా. నా ముందే ఉంది."

"మీ వాళ్ళంతా ఒడ్డునే ఉన్నారా?"

తలెత్తి చూశాను. దారికి అవతల నాలుగో కొబ్బరి చెట్టు మీద ఉరియామ్ గెల గీస్తూ పాడుతున్నాడు. వాడు లేకుండా తియోన్ పడవ తీయడు. వాడు చెట్టు మీద ఉన్నాడంటే వాడి పడవ మడుగు ఒడ్డున ఉన్నట్టే. వాడి చిన్నపిల్లలు ముగ్గురు ఇసకలో దొర్లుతున్నారు. నా కొడుకు ఉత్తరాన చర్చి కప్పు మీద ఉన్నాడు.

"ఉన్నారు."

"పెట్టె మీ దగ్గరే ఉందా?"

లేదు అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ నా చేతి కింద ఇంజను మెరుస్తోంది. లేదంటే ఎవరి దగ్గరుందని అడుగుతారు. చెప్తే తరావాలో ఆ కాగితం బయటికి తీస్తారు. మళ్ళీ ఓడ వచ్చినప్పుడు ఇంజనుని నలుగురు మోసుకుపోతుంటే ఊరంతా నిలబడి చూస్తుంది.

"నా దగ్గరే ఉంది. పిల్లలెవరో ఆటకి నొక్కుంటారు."

"అట్లాగా. మీ దీవికి దగ్గర్లో ఒక ట్యూనా ఓడ ఉంది. దాన్ని సిద్ధంగా ఉండమన్నాం. అక్కర్లేదని చెప్పేయమంటారా?"

"చెప్పేయండి."

"పెట్టె ఆపేయండి మరి. ఆగకపోతే మళ్ళీ చేస్తాం."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి గుమ్మంలో తెబోరా ఉంది. చేతిలో సగం కోరిన కొబ్బరి చిప్ప.

"ఉరియామ్‌ని ఒక్కమాట అడుగు" అంది.

"ఇచ్చినదాని గురించి అడుగుతారా ఎవరైనా?"

"ఆపమని చెప్పడానికేం?"

"ఇచ్చేసిన పెట్టె కోసం వెనకాల తిరిగాడని నీ తమ్ముడు మనేయాబాలో పాట కడతాడు. నువ్వే కోరస్ పాడతావు."

ఆమె నవ్వలేదు. నేను ఫోన్ కట్టేసి బియ్యం డబ్బాలో పడేశాను. మళ్ళీ మోగితే మళ్ళీ అబద్ధం చెప్పాలి. ఒకటి చాలనిపించింది.

కాసేపటికి ఉరియామ్ చెట్టు దిగి మా ముందు నుంచే వెళ్ళాడు. "బావా" అన్నాడు, నా ముఖం చూడకుండా. నేను ఇంజను వైపు చూస్తూ "ఊఁ" అన్నాను. వాడు దాస్తున్నది వాడికుంది, నేను దాస్తున్నది నాకుంది. ఆ ఒక్క నిమిషం ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా సరిపోయేది.

మధ్యాహ్నం దాటాక పడమటి గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. చెట్ల తలలన్నీ తూర్పుకి తిరిగాయి. సాయంత్రం కల్లు గీసే వేళకి చెట్టు మీద పాట వినపడలేదు. ఉరియామ్ మా మంచె దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో సీసా లేదు.

"బావా, పిల్లలు రాలేదు."

"ఏ పిల్లలు?"

"మీవాడూ, మావాడూ. తెల్లారుతూనే నా పడవ వేసుకుని తూర్పుకి పోయారు. నిన్న తొవాకై వచ్చి బుబుటి అన్నాడు. పడవా, పెట్టే రెండూ అడిగాడు. మేనల్లుడు అడిగితే ఎట్లా కాదంటాను? నీకు చెప్పొద్దన్నాడు."

 తెబోరా చెయ్యి అప్పటికే బియ్యం డబ్బాలో ఉంది. నాలుగు గింజలు చాప మీద రాలాయి. అన్ని వారాలూ ఒక్కో గింజా ఏరుకున్న మనిషి, వాటిని తొక్కుకుంటూ లేచింది. ఆమె నొక్కగానే ఫోన్ వెలిగి, పొద్దుటి నుంచీ అందని ఫోన్లన్నీ చూపిస్తూ గుర్రుగుర్రుమని పదకొండుసార్లు అదిరింది. దాన్ని ఆమె నాకు ఇవ్వలేదు. గాలికి వీపు పెట్టి నీళ్ళ అంచు దాకా నడిచి వెళ్ళి మాట్లాడింది. ఏం చెప్పిందో మా ఇద్దరికీ వినపడలేదు. తిరిగి వచ్చాక తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఓడ బయల్దేరుతోందట" అంది.

అంతే అంది. ఈ రోజు వరకూ ఆమె అన్నది అంతే.

ఆ ట్యూనా ఓడ మర్నాడు పొద్దున్నే వాళ్ళని చేరింది. వాళ్ళని అనకూడదు. తొవాకైని చేరింది. బోర్లాపడిన పడవని కరుచుకుని ఉన్నాడు. పసుపు పెట్టె తాడు వాడి మణికట్టులోకి దిగి చర్మం ఒరుసుకుపోయింది. పెట్టె ఇంకా మోగుతూనే ఉందట.

వాడు చెప్పింది ఇది. తెల్లారాక రెండు గంటలకల్లా పాత ఇంజను ఆగిపోయింది. విప్పి, తుడిచి, తిట్టి, ఇక లాభం లేదని పెట్టె నొక్కారు. నొక్కాక భయం పోయింది. అన్ని దేశాలు వింటున్నాయి కదా అని జోకులు వేసుకుంటూ పచ్చి చేప తిని కూర్చున్నారు. ఏ దేశం ఓడ ముందొస్తుందో పందెం కూడా కాశారు. మధ్యాహ్నం గాలి లేచింది. పొద్దు వాలుతుండగా పెద్ద కెరటం పడవని తిరగేసింది. అప్పటిదాకా పెట్టె తియోన్ చేతికి ఉంది. వాడు దాన్ని విప్పి తొవాకైకి కట్టాడట.

"ఇది మీ నాన్న పేరు మీద ఉంది. నీ చేతికి ఉంటేనే వింటార్రా" అన్నాడట.

రెండో కెరటం తర్వాత తియోన్ కనపడలేదు.

తరావా ఓడ వచ్చిన వారం ఆఫీసరు కూడా వచ్చాడు. నేను ఇంజను విప్పి, తాడు చుట్టి, మోసుకుపోవడానికి వీలుగా పెట్టి కూర్చున్నాను. వాడు మనేయాబాలో మాట్లాడాడు. మొదట్లో పెట్టె మోగిన చోటు దీవికి బాగా దగ్గరగా కనపడిందనీ, ఇంట్లోనే ఉందని ఎవరో చెప్పిన మాటతో అది సరిపోయిందనీ, గాలికి ఆ చోటు జరగడం మొదలుపెట్టాకే అనుమానం వచ్చిందనీ చెప్పాడు. "ఎవరో" అన్నాడు. నా వైపు చూడలేదు. ఓడ మొదట నాలుగు గంటల దూరంలోనే ఉండిందట. తర్వాత తన దారిన చాలా దూరం వెళ్ళిపోయిందట.

పది, పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు. లెక్క నాకొచ్చు. ఆరో తరగతి అక్కర్లేదు దానికి. రెండింటికి పడవ ఇంకా నిటారుగానే ఉంది.

ఇంజను తీసుకుపోలేదు. ఒక ప్రాణం కాపాడిన పెట్టె కదా అన్నారు. కొత్త బ్యాటరీ వేసి మళ్ళీ నా చేతికే ఇచ్చి, తొవాకైనీ నన్నూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశారు. తరావాలో ఆ ఆఫీసు గోడకి ఉందట ఇప్పటికీ. చూసినవాళ్ళు చెప్పారు, నేను నవ్వుతున్నానట.

తియోన్ పోయిన తర్వాత మూడు వారాలు ఉరియామ్ చెట్టెక్కలేదు. గాలులు తగ్గి సముద్రం మళ్ళీ నున్నబడిన రోజుల్లో ఒక పొద్దున వచ్చి మా మంచె అంచున కూర్చున్నాడు. సీసా తెచ్చాడు.

"తాగు బావా."

తాగాను. వాడి గడ్డం మాసి ఉంది. తియోన్ చొక్కా వేసుకున్నాడు, పొట్ట దగ్గర బిగుతుగా.

"నన్ను తిట్టు బావా" అన్నాడు. "నీకు చెప్పకుండా నీ బిడ్డని పంపించాను. ఆ పొద్దున నీ ముందు నుంచే పోయాను కూడా. ఒక్కమాట చెప్పుంటే నువ్వు ఊరుకునేవాడివా? ఆ క్షణానే ఓడని పిలిపించేవాడివి. నా బిడ్డని నేనే చంపుకున్నాను."

తెబోరా లోపల ఏదో సర్దుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

నోరు తెరిచాను. "ఊరుకో ఉరియామ్" అన్నది బయటికొచ్చింది. మిగతాది రాలేదు.

వాడు మొహం తుడుచుకున్నాడు. "మనేయాబాలో నా పక్క చోటు ఖాళీగా ఉంది బావా. ఆడపిల్లలు ముగ్గురూ రేపు ఎవరి వాసం కిందికో పోయేవాళ్ళే. నా చోట కూర్చునేవాడు లేడు. నా చెట్లెక్కేవాడు లేడు." సీసా పక్కకి జరిపాడు. "తొవాకైని నాకివ్వు. బుబుటి."

తొవాకై సీమపనస చెట్టు కింద నిలబడి వింటున్నాడు. వచ్చినప్పటి నుంచీ వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వాడికి ఏమైనా తెలుసో, తెలియదో నాకు తెలియదు. నేను తెబోరా కోసం లోపలికి చూశాను. ఒక్క మాట అంటుందేమోనని చూశాను. ఆమె కొడుకు చాప చుట్టి, కొబ్బరి తాడుతో కట్టి, గుమ్మం దగ్గర పెట్టి ఉంది. తమ్ముడు అడగకముందే చుట్టింది.

ఇచ్చాను. నవ్వుతూనే ఇచ్చాను.

ఇరవై అడుగుల దూరం. ఉరియామ్ ఇంట్లో దగ్గితే మా ఇంట్లో వినపడుతుంది. పసుపు పెట్టె మా గుంజకి వేలాడుతోంది, నా పేరుతోనే. పడవ గొలుసు తుప్పు పట్టింది. తెబోరా వండుతుంది, పెడుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది. వాడు తిన్నాడా, చెయ్యి పుండు మానిందా అని నేను ఆమెని అడగను. ఇచ్చినదాని గురించి అడగకూడదు.

పొద్దున్నే నాలుగో చెట్టు మీద పాట మొదలవుతుంది. గొంతు తొవాకైది. నేను ఇంజనుకి నూనె రాస్తూ కూర్చుంటాను. గీత అయ్యాక చెట్టు దిగి, నడుముకి సీసాలు కట్టుకుని మా ముందు నుంచే వెళ్తాడు. ఇప్పుడు మాట్లాడతాడు నాతో. మా వరసలు మారాయి కదా, మర్యాద తప్పకుండా తలూపుతాడు.

"బాగున్నావా మామా?" అంటాడు.